రక్తం కనిపించిందంటే ఎద వెళ్లిపోయినట్టే

ప్రశ్న: మాకు ఒక సంకర జాతి ఆవు, దాని పెయ్య, ఒక గేదె ఉన్నాయి. ఆవునూ పెయ్యనూ కొట్టంలోనే కట్టేసి మేపుతాం, గేదెను మాత్రం పగలు మందతో బయటికి తోలుతాం. ఆవు ఈని 5 నెలలైంది. 3 సార్లు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూలు నిలవలేదు. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య 20, 22 రోజులు వచ్చింది. ప్రతిసారీ ఉదయం పాలు పిండేటప్పుడు ఆవు అరుస్తుంటే చూసి ఫోన్ చేస్తాం, సూది వేసే ఆయన సాయంత్రానికి వస్తాడు. మర్నాడు పొద్దున తోక కింద రక్తం కనిపిస్తోంది. ఈ నెల 4న వేయిస్తే 5న మళ్లీ అలాగే పడింది. గర్భం పోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. పోయిన నెలలో విప్పి వదిలినప్పుడు పెయ్య ఆవు మీదికి ఎక్కింది. ఎద పెయ్యకా, ఆవుకా? ఇక గేదె ఈని 7 నెలలు దాటినా ఒక్కసారి కూడా ఎదకు రాలేదు. హార్మోన్ సూది వేయిస్తే వస్తుందని పక్కవాళ్లు అంటున్నారు. వేయించమంటారా?

సమాధానం: అమ్మా, ముందు ఆ రక్తం సంగతి చెబుతాను. మీ భయం దాని గురించే. మీ ఆవుకు చూలు ఎందుకు నిలవడం లేదో తెలిపే ఆధారం కూడా అందులోనే ఉంది.

అది గర్భం పోవడం కాదు. ఎదలో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల గర్భాశయం లోపలి పొరకు రక్తం బాగా చేరుతుంది. ఎద ముగిసి ఆ హార్మోన్ తగ్గగానే సన్నని రక్తనాళాలు కొన్ని చిట్లి, కొద్దిపాటి రక్తం జిగురుతో కలిసి బయటికి వస్తుంది. పెయ్యల్లో ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది, ఆవుల్లో దాదాపు సగం వాటిలో కనిపిస్తుంది. చూలు నిలిచిన ఆవుకూ రావచ్చు, నిలవని ఆవుకూ రావచ్చు. కాబట్టి రక్తం పడింది కనుక సూది పోయిందని అనుకోవద్దు, పడలేదు కనుక నిలిచిందనీ అనుకోవద్దు.

అయితే ఆ రక్తం ఒక్క విషయం మాత్రం కచ్చితంగా చెబుతుంది: ఎద అయిపోయింది అని. మామూలుగా ఎద ముగిశాక 1 నుంచి 3 రోజుల మధ్య ఇది కనిపిస్తుంది. మీరు 4వ తేదీ సాయంత్రం సూది వేయించారు, 5వ తేదీ పొద్దుటికే రక్తం పడింది. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి. దీన్నిబట్టి చూస్తే సూది పడే సమయానికే ఎద ముగిసి చాలాసేపు అయి ఉంటుందని నా అనుమానం. ఒక్కసారి జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, మీరు ప్రతిసారీ మర్నాడే చూస్తున్నానని రాశారు. సూది వేసేటప్పుడు లోపల గీసుకుని వచ్చే రక్తం అయితే అప్పటికప్పుడే కనిపిస్తుంది, మర్నాటి దాకా ఆగదు.

ఉదయం చూసి సాయంత్రానికి వేయించడం తప్పెలా అయిందని మీరు అడగవచ్చు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం అనే పద్ధతి మంచిదే. 1940లలో అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల నుంచి వచ్చిన ఈ పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా పాటిస్తున్నారు. కానీ దానికి ఒక షరతు ఉంది. ఎద మొదలైనప్పుడే మీరు చూసి ఉండాలి. ఆవులు ఒకదాని మీద ఒకటి ఎక్కడం, కింద ఉన్నది కదలకుండా నిలబడడం ఎక్కువగా రాత్రి వేళ, తెల్లవారుజామున జరుగుతాయి. మీరు ఉదయం చూస్తున్నది చాలాసార్లు కిందటి సాయంత్రమో రాత్రో మొదలైన ఎద. దాన్నే మొదలు అనుకుని ఇంకో పూట ఆగితే అప్పటికి దాదాపు 24 గంటలు గడిచిపోతాయి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ గంటల లెక్క మీకే అర్థమవుతుంది. ఆవు మీదికి ఎక్కనిచ్చే అసలు ఎద సుమారు 12 నుంచి 18 గంటలు ఉంటుంది, బాగా పాలిచ్చే ఆవుల్లో ఇంకా తక్కువే, 8 గంటల్లోనే ముగిసిపోవచ్చు. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. అది ఫలదీకరణకు పనికొచ్చే కాలం చాలా తక్కువ, 6 నుంచి 12 గంటలు. వీర్యకణాలు ఆవు కడుపులోకి వెళ్లిన వెంటనే పనికిరావు, సిద్ధం కావడానికి 6 గంటలైనా పడుతుంది. ఆ తర్వాత అవి ఒక రోజు వరకు బతికి ఉంటాయి. అంటే అండం వచ్చేసరికి వీర్యకణాలు అక్కడ కాచుకుని ఉండాలి. అండం వచ్చి వెళ్లాక ఎంత మంచి సెమెన్ వేసినా లాభం లేదు. ఆవు నిలబడడం మొదలుపెట్టిన 12 గంటలకు కాస్త అటూ ఇటూగా సూది పడితే చాలా మటుకు సరిపోతుంది.

అందుకే మీరు మొదట మార్చవలసింది సూదినీ కాదు, సెమెన్‌నీ కాదు, చూసే వేళను. పడుకోబోయే ముందు 9, 10 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున పాలకు కూర్చోకముందే ఒకసారి, ప్రతిసారీ 20 నిమిషాలు కొట్టం దగ్గర ఊరికే నిలబడి చూడండి. మేత వేసేటప్పుడో పాలు తీసేటప్పుడో చూసింది లెక్కలోకి రాదు, అప్పుడు పశువు ధ్యాస మేత మీదో దూడ మీదో ఉంటుంది. అన్నీ నెమరేస్తూ పడుకున్న వేళ ఒక్కటే లేచి నిలబడి ఉందా, చెవులు కదుపుతూ అటూ ఇటూ చూస్తోందా, కొంచెం కొంచెంగా మాటిమాటికీ మూత్రం పోస్తోందా, నడుం మీద చేయి పెట్టి నొక్కితే తప్పుకోకుండా తోక పక్కకు పెట్టి నిలబడుతోందా అన్నవి గమనించండి. అరుపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆకలికీ అరుస్తుంది, దూడ కోసమూ అరుస్తుంది. కొన్ని ఆవులైతే ఎద మొత్తం నోరు విప్పకుండానే గడిపేస్తాయి.

తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళ్లినప్పుడు తోక లోపలి వైపు, తొడల వెనక వైపు తప్పకుండా చూడండి. రాత్రి తీగలు వేసి ఉంటే, అంటే మానం నుంచి జిగురు తీగలుగా కారి ఉంటే, తోక వెంట్రుకలు అట్టకట్టి, వాటి మీద ఎండిన జిగురు పొర టార్చి వెలుగులో మెరుస్తుంది. పడుకున్న చోట నేల మీద కూడా జిగురు పడి ఉంటుంది. ఇది కనిపించిందంటే ఎద రాత్రే మొదలైందని అర్థం, అలాంటప్పుడు సాయంత్రం దాకా ఆగకుండా ఆ పూటే సూది వేయించాలి. తోక మొదట్లో వెంట్రుకలు చెదిరి, చర్మం గీరుకుని, పిర్రల మీద మట్టి కాళ్ల మరకలు ఉంటే ఏదో పశువు మీదికి ఎక్కి దిగిందన్నమాట. మీవి కట్టేసి ఉంటాయి కాబట్టి ఈ గుర్తు మీకు అరుదుగానే దొరుకుతుంది.

తీగల గురించి ఇంకొంచెం చెప్పాలి, కట్టేసిన పశువుల్లో మనకు దొరికే మంచి సాక్ష్యం అదే. ఎద మొదట్లో జిగురు పల్చగా, నీళ్లలా ఉండి త్వరగా తెగిపోతుంది. మంచి ఎదలో గుడ్డులోని తెల్లసొనలా తేటగా ఉండి, తెగకుండా పొడవుగా వేలాడుతుంది. ముగిసే వేళకు చిక్కబడి, తెల్లబడి, బంకలా తయారవుతుంది. చేయి శుభ్రంగా కడుక్కుని, వేలాడే జిగురును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి మెల్లగా సాగదీసి చూడండి, రెండు మూడు ఎదలు గమనిస్తే తేడా మీకే తెలిసిపోతుంది. అందులో తెల్లని పీలికలుగానీ, చీములాంటి పసుపు రంగుగానీ, చెడు వాసనగానీ ఉంటే ఆ ఎదకు సూది వేయించవద్దు. గర్భాశయంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు వేసిన సూది నిలవదు. ముందు డాక్టరు గారికి చూపించి, చికిత్స అయ్యాక వచ్చే ఎదకు వేయించండి. మానం ఉబ్బి, మడతలు విచ్చుకుని, లోపలి పొర ఎర్రగా తడిగా ఉండడం కూడా ఎద గుర్తే. మామూలు రోజుల్లో అది ఎలా ఉంటుందో చూసి పెట్టుకోకపోతే ఎద రోజున తేడా పట్టలేరు, అందుకని ఎద లేని రోజుల్లో కూడా ఒకసారి చూసి ఉంచండి.

పెయ్య ఎక్కింది, ఆవు కింద ఉంది, ఎద ఎవరికి అని అడిగారు. కింద ఉన్న ఆవు ఏం చేసిందన్నదే ఇక్కడ ముఖ్యం. పారిపోకుండా, కొమ్ము విసరకుండా, కాళ్లు నిలదొక్కుకుని ఎక్కనిచ్చి ఉంటే ఎద ఆవుకే. ఎద గుర్తుల్లో దీన్ని మించిన రుజువు లేదు. తప్పించుకుని ముందుకు నడిచిపోతే ఆవు ఎదలో లేదని, లేదా అప్పుడే మొదలవుతోందని, లేదా ముగిసిందని అనుకోవాలి. పైకి ఎక్కినది ఎదలో ఉండవచ్చు, లేకపోవచ్చు. ఎదకు దగ్గరపడిన పశువులు ఎక్కువగా ఎక్కుతుంటాయి కాబట్టి ఆ పెయ్య మీద కూడా రెండు మూడు రోజులు కన్నేసి ఉంచండి. పెయ్యకు సూది వేయించే ముందు వయసు చూసి తొందరపడకండి, బరువు చూడాలి. ఆ జాతి పెద్ద ఆవు బరువులో 60, 65 శాతం వచ్చాకే వేయించాలి, లేకపోతే ఈనేటప్పుడు కష్టపడుతుంది.

ఆ నిలబడే గుర్తు దొరకాలంటే పశువు కట్టు విప్పాలి. ఎక్కడం, నిలబడడం అంతా కొన్ని సెకన్ల పని, గొలుసుతో ఉన్న ఆవుకు ఆ అవకాశమే ఉండదు. రోజుకు రెండుసార్లు అరగంట పాటు ఆవునూ పెయ్యనూ కలిపి మట్టినేల మీద వదిలి, పక్కన నిలబడి చూడండి. సిమెంటు నేల మీద వద్దు. తడి సిమెంటు మీద కాలు జారుతుందన్న భయంతో పశువులు ఎక్కనే ఎక్కవు. గిట్ట నొప్పి ఉన్నా అంతే. ఎద రావడం లేదని మందులకు పరిగెత్తే ముందు గిట్టలు చూడమని నేను ఎప్పుడూ చెబుతాను, చాలామంది అటువైపే చూడరు.

మీరు రాసిన 20, 22 రోజుల లెక్క మాత్రం మంచి వార్త. ఎద చక్రం సగటున 21 రోజులు, 18 నుంచి 24 మధ్య ఎంత వచ్చినా మామూలే. మీ ఆవు సరిగ్గా అందులోనే ఉంది కాబట్టి అండాశయాలు పని చేస్తున్నాయి. ఆ మధ్యకాలం 10, 12 రోజులే ఉంటే రెండింటిలో ఒకటి అసలు ఎదే కాదనుకోవాలి. 30, 35 రోజులు వస్తుంటే నిలిచిన పిండం తొలిరోజుల్లోనే పోతోందేమో చూడాలి. 42 దగ్గర వస్తే మధ్యలో ఒక ఎదను మనం చూడలేదన్నమాట. అందుకే తేదీలు రాసి పెట్టుకోవాలి. కొట్టంలో గోడకు ఒక క్యాలెండరు తగిలించి ఎద చూసిన రోజు, వేళ, సూది వేసిన వేళ, రక్తం పడిన రోజు, ఈ నాలుగూ రాయండి. రోజు ఒక్కటే రాస్తే చాలదు, పూట కూడా రాయాలి. మీ ఉత్తరంలో పూటలు రాయబట్టే నేను ఇంత దూరం చెప్పగలిగాను.

ఆవుకు ఇంకో పని ఉంది. 3 సూదులకు నిలవలేదు కనుక నాలుగోది వేయించాల్సి వస్తే, దానికి ముందే డాక్టరు గారితో గర్భాశయం పరీక్ష చేయించండి. సమయం తప్పడమే అసలు కారణమని నాకు అనిపిస్తున్నా, పైకి కనిపించని ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవడం మంచిది. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 85 రోజుల్లోపు చూలు నిలవాలి. మీ ఆవు 150 రోజుల దగ్గర ఉంది. ఆలస్యమైన మాట నిజమే, కానీ ఎద క్రమంగా వస్తున్న ఆవు కాబట్టి దీన్ని వదులుకోవలసిన పని లేదు.

ఇప్పుడు గేదె. హార్మోన్ సూది ఇప్పుడే వేయించవద్దు అమ్మా, నా మాట వినండి. గేదె మందతో బయటికి వెళ్తోందని మీరే రాశారు. మందలో దున్నపోతు ఉంటే మీకు తెలియకుండా గేదెతో కలిసి ఉండవచ్చు. ఎదకు రాకపోవడానికి మొదటి కారణం చూడితో ఉండడమే. ఎద తెప్పించడానికి ఎక్కువగా వాడే ప్రోస్టాగ్లాండిన్ సూదిని చూడి గేదెకు వేస్తే గర్భం పోతుంది. పరీక్ష చేయించకుండా ఆ సూది వేయించడమంటే కడుపులో ఉన్న దూడను చేతులారా పోగొట్టుకోవడమే కావచ్చు. చూడి లేదని తేలినా అది అన్ని పశువులకూ పనిచేయదు. అండం విడుదలైన చోట ఏర్పడే గడ్డ అండాశయం మీద ఉన్నప్పుడే దాన్ని కరిగించి ఎద తెప్పిస్తుంది. అండాశయాలు నిద్రాణంగా ఉంటే ఆ సూది దండగ. ఏది వాడాలో పరీక్ష చేసిన డాక్టరు గారే తేల్చాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఈ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసానూ సిరంజినీ ముట్టుకోకూడదు.

చూడి లేదని తేలితే, గేదె అసలు ఎదకు రావడం లేదా, వస్తున్నా మనం చూడడం లేదా అన్నది తేల్చుకోవాలి. గేదెల్లో మూగ ఎద, అంటే గుర్తులు పైకి సరిగా కనిపించని ఎద, ఎక్కువ. ఆవుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కవు, ఆడ గేదె ఇంకో ఆడ గేదెను ఎక్కడం అరుదు. ఆవు ఎదను చూసిన కళ్లతో గేదెలో వెతికితే ఏమీ దొరకదు. గేదె తీగలు పొడవుగా వేలాడడం కూడా తక్కువే, పడుకుని ఉన్నప్పుడే జిగురు జారి నేల మీద పడుతుంది. కాబట్టి రాత్రి గేదె పడుకున్నప్పుడు దాని వెనక్కి వెళ్లి చూడాలి, తెల్లవారి లేవగానే పడుకున్న చోటు చూడాలి. పేడ తీసేశాక చూస్తే ఉన్న ఆధారం పోతుంది. మాటిమాటికీ కొంచెంగా మూత్రం పోయడం, తోక ఎత్తి పెట్టడం, మానం మడతలు ఉబ్బి నున్నబడడం, రోజూ సాఫీగా చేపే (పొదుగులోకి పాలు దించే) గేదె ఒక పూట చేపకుండా మొరాయించడం, పాలు కారణం లేకుండా తగ్గడం, ఇవి గేదె ఎద గుర్తులు. వీటిలో ఒకటి కనిపిస్తే అనుమానించండి, రెండు మూడు కలిసి ఒకే పూట కనిపిస్తే ఎదగానే తీసుకుని డాక్టరు గారిని పిలవండి. పాలు తీసేది మీరే కాబట్టి చేపులో వచ్చే తేడా మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఎండాకాలంలో గేదెకు ఈ కాస్త గుర్తులు కూడా మరుగున పడతాయి. నల్లని ఒళ్లు, తక్కువ చెమట గ్రంథులు, దాంతో వేడి తట్టుకోలేదు. రోజులో రెండుసార్లు ఒంటి మీద నీళ్లు పోయడం, కుదిరితే నీళ్లలో పడుకోనివ్వడం, పచ్చగడ్డి, నీడ, తాగడానికి ఎప్పుడూ నీళ్లు ఉంటే ఎదలు మెరుగవుతాయి. ఈనిన తర్వాత గేదె బాగా చిక్కి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉందా? అలా ఉంటే ఎద కోసం సూదుల కన్నా ముందు దాణా పెంచాలి. తిన్నదానికి మించి పాలలో పోతుంటే ఒళ్లు చూలు మాట తర్వాత అనుకుంటుంది. ఖనిజ లవణ మిశ్రమం రోజూ దాణాలో కలపండి, నట్టల మందు తాగించి ఎన్నాళ్లయిందో చూసుకోండి.

ఇక వచ్చే రోజుల్లో చేయవలసింది. ఆవుకు 5న రక్తం పడింది కనుక, మొన్నటి సూది నిలవకపోతే మళ్లీ ఎద దాదాపు 22, 25 తేదీల మధ్య రావాలి. 20వ తేదీ రాత్రి నుంచే చూడడం మొదలుపెట్టండి, 28 దాకా మానవద్దు. ఎద వస్తే నిలబడడం మొదలైన పూటనే ఫోన్ చేసి వేళ చెప్పండి, 'పొద్దున అరిచింది' అని కాకుండా 'రాత్రి 10 గంటలకు పెయ్యను ఎక్కనిచ్చింది' అని చెబితే ఎప్పుడు రావాలో ఆయనకు తెలుస్తుంది. ఎద గుర్తులు ఏవీ కనిపించకపోతే సంతోషమే, కానీ దాన్ని చూడిగా లెక్కవేసి ఊరుకోవద్దు. సూది వేసిన 60 రోజులకు చేతి పరీక్ష చేయించండి, స్కానింగ్ సౌకర్యం ఉంటే 30 రోజులు దాటాక చూడవచ్చు. చూడితో ఉన్న ఆవుల్లో కొన్ని మధ్యలో ఎద గుర్తులు చూపిస్తాయి. అందుకని తరవాత ఎప్పుడైనా ఎదలా కనిపిస్తే చూడి లేదని నిర్ధారించుకున్నాకే సూదికి పిలవండి. చూడి ఉన్న గర్భాశయంలోకి ఎద సూది వేసే గన్ వెళితే గర్భం పోయే ప్రమాదం ఉంది. గేదె పరీక్షకు మాత్రం ఆ తేదీల దాకా ఆగకండి, ఈ వారమే చేయించి ఏం తేలిందో రాయండి.